అడిగితేనే చెప్పే పెట్టెలు

రూటర్లు, స్విచ్‌లు తమగుండా పోయే ప్రతి బైటునూ లెక్కపెడుతూనే ఉంటాయి. కానీ సరైన ప్రశ్న సరైన వేళకు వేసినవారికే ఆ లెక్క దక్కుతుంది. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ అమరికలో దొర్లే చిన్న పొరపాట్లు సంస్థలను ఎలా చీకట్లో ఉంచుతున్నాయంటే...

2021 ఫిబ్రవరి 24, బుధవారం. ఉదయం 11.40 గంటలు. ముంబైలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్ఎస్ఈ)లో కొనుగోళ్లు, అమ్మకాలు ఉన్నట్టుండి నిలిచిపోయాయి. మళ్లీ మొదలయ్యేసరికి మధ్యాహ్నం 3.45 అయింది. మామూలుగా 3.30కే ముగియాల్సిన మార్కెట్‌ను ఆ రోజు సాయంత్రం 5 గంటలదాకా నడపాల్సి వచ్చింది. టెలికాం సంస్థల నుంచి తీసుకున్న లింకులు అస్థిరంగా మారడంతో ఇబ్బంది మొదలైందని ఎక్స్ఛేంజ్ ప్రకటించింది. నెల తిరక్కముందే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలను బిగించింది. కీలక వ్యవస్థ ఏదైనా ఆగిపోతే 30 నిమిషాల్లోగా దాన్ని 'విపత్తు'గా ప్రకటించాలి. ఆ తర్వాత 45 నిమిషాల్లోగా ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి పని నడవాలి.

30 నిమిషాలంటే తక్కువేమీ కాదనిపిస్తుంది. కానీ పడిపోయింది ఏ లింకో, ప్యాకెట్లు రాలిపోతున్నది ఏ పోర్టులోనో తేల్చుకోవడానికే ఆ సమయం చాలకపోవచ్చు. స్టాక్ మార్కెట్ దాకా ఎందుకు? జిల్లా ఆస్పత్రిలో స్కానింగ్ రిపోర్టు డాక్టరు తెరమీదికి రాకపోయినా, పింఛను సొమ్ము కోసం బ్యాంకుకు వచ్చిన వృద్ధులు 'సర్వర్ డౌన్' అన్న మాట విని వెనుదిరిగినా, ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో కంప్యూటర్లు బిగుసుకుపోయినా తలెత్తే ప్రశ్న ఒక్కటే. చెడింది ఎక్కడ, ఎప్పటి నుంచి? చిన్న సంస్థలు ఎన్నింటిలోనో ఈ ప్రశ్నకు తొలి జవాబు ఇప్పటికీ ఒక ఫోన్‌కాలే. 'నెట్ రావడం లేదండీ' అని ఎవరో ఒకరు మొత్తుకునేదాకా నెట్‌వర్క్ విభాగానికి సంగతి తెలియదు.

విచిత్రమేమిటంటే, ఆ ఫోన్ రావడానికి చాలాముందే సంగతి తెలిసినవారు ఒకరున్నారు. మెట్ల కింద ఇనుప బీరువాలో దుమ్ము కొట్టుకుపోయి, పచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉన్న ఆ స్విచ్చే.

లెక్క ఉంది, అడిగేవారేరీ?

కాస్త మెరుగైన స్విచ్ ఏదైనా సరే తన ఒక్కో పోర్టుకూ ఒక్కో ఖాతా రాసుకుంటుంది. లోపలికి వచ్చిన బైట్లెన్ని, బయటికి పోయినవెన్ని, చెడిపోయి వచ్చినవెన్ని, మోయలేక పారేసినవెన్ని, పోర్టు తెరిచి ఉందా మూతపడిందా అన్నవన్నీ అందులో ఉంటాయి. చాలా పరికరాలు తమ ప్రాసెసర్ మీద ఎంత భారముందో, లోపల ఎంత వేడిగా ఉందో కూడా చెప్పగలవు. అయితే అడగాలి. అడగకపోతే ఆ అంకెలు పెరుగుతూ పోతాయి, పెట్టె ఆగి మళ్లీ మొదలైనప్పుడు సున్నాకు వస్తాయి. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

అడిగే పద్ధతికి 1988 ఆగస్టులో ఒక రూపం వచ్చింది. ఇంటర్నెట్ ఇంకా విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు దాటని ఆ రోజుల్లో నలుగురు అమెరికన్ ఇంజనీర్లు 'సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రొటోకాల్' (ఎస్ఎన్ఎంపీ) రాశారు. ఒక కేంద్రం చిన్న ప్రశ్న పంపుతుంది, పరికరం చిన్న జవాబిస్తుంది. అంతకుమించి ఏమీ లేదు. ఈ మూడున్నర దశాబ్దాల్లో నెట్‌వర్కుల వేగం లక్షల రెట్లు పెరిగినా ఆ పద్ధతి చెక్కుచెదరలేదు. రూటర్లు, స్విచ్‌లే కాదు, ప్రింటర్లు, యూపీఎస్‌లు కూడా ఇదే భాషలో జవాబిస్తాయి.

ఈ భాషలో ప్రశ్నలన్నీ అంకెలే. ఉత్తరం మీద దేశం, రాష్ట్రం, జిల్లా, ఊరు, ఇంటి నంబరు వరుసగా రాసినట్టు ప్రతి సమాచారానికీ ఒక చిరునామా ఉంటుంది. పోర్టులోకి వచ్చిన మొత్తం బైట్లు కావాలంటే 1.3.6.1.2.1.31.1.1.1.6 అనే చిరునామాను అడగాలి. చివర పోర్టు నంబరు చేర్చాలి. ఇందులో మూడో అంకె 6 అమెరికా రక్షణశాఖకు కేటాయించినది. ఇంటర్నెట్ ఆ శాఖ నీడలో పుట్టింది మరి. అనకాపల్లిలో ఓ కాలేజీ స్విచ్‌ను ట్రాఫిక్ ఎంతని అడిగినా ఆ ప్రశ్న ఇప్పటికీ ఆ గుమ్మం మీదుగానే పోతుంది. ఏ చిరునామాలో ఏముందో చెప్పే పట్టికలను 'మిబ్' అంటారు. పరికరాల కంపెనీలు ఉమ్మడి పట్టికలకు తోడు తమ సొంత మిబ్‌లను కూడా ఇస్తాయి.

లీసెస్టర్ నుంచి చెన్నై దాకా

అంకెలు రావడం ఒక ఎత్తు, వాటిని మనిషి కంటికి ఆనేలా చూపడం మరో ఎత్తు. 1994లో బ్రిటన్‌లోని లీసెస్టర్‌లో డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీకి బయటి ప్రపంచంతో ఉన్న బంధమల్లా 64 కిలోబిట్ల లైను ఒక్కటే. అది ఎంత నిండిందో చూడాలని అక్కడ పనిచేస్తున్న టోబియాస్ ఓటికర్ అనే యువకుడు ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. ప్రతి 5 నిమిషాలకోసారి రూటర్‌ను అడిగి, జవాబును గ్రాఫుగా గీసి వెబ్‌పేజీలో పెట్టడం దాని పని. ఎంఆర్‌టీజీ పేరుతో 1995లో బయటికొచ్చిన ఆ ప్రోగ్రాంలోని ఆకుపచ్చ మేట, నీలిగీత ప్రపంచమంతటా నెట్‌వర్క్ గదుల గోడలకెక్కాయి. 1999లో అతనే ఆర్ఆర్‌డీ టూల్ తయారుచేశాడు. పాత అంకెలను సగటులుగా కుదించుకుంటూ పోయే ఈ భాండాగారం ఎన్నేళ్లయినా పెరగదు.

ఆ తర్వాత వరుసగా వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పనిని సామాన్యుడి చేతికి తెచ్చాయి. 1999లో మరో పేరుతో మొదలైన నాగియోస్, 2001లో కాక్టై, అదే ఏడాది లాత్వియా నుంచి జాబిక్స్, 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో ప్రాణం పోసుకున్న ప్రొమీథియస్ వీటిలో ముఖ్యమైనవి.

ఈ కథలో భారతదేశం పాత్ర కూడా తక్కువేమీ కాదు. 1996లో శ్రీధర్ వెంబు, టోనీ థామస్ తదితరులు మొదలెట్టిన అడ్వెంట్‌నెట్ సంస్థ చెన్నైలో ఇంజనీర్లతో తొలుత చేసిన వ్యాపారం నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేరే. అందులో ఎస్ఎన్ఎంపీది ప్రధాన పాత్ర. 2009లో ఆ సంస్థ పేరు మార్చుకుని జోహో అయింది. మెయిల్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లతో ఇప్పుడు ఇంటింటా వినిపిస్తున్న ఆ పేరు వెనుక రూటర్లను ప్రశ్నలడిగే ప్రోగ్రాములున్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. మరోపక్క హైదరాబాద్, బెంగళూరు కార్యాలయాల్లో రాత్రి షిఫ్టుల్లో కూర్చుని వేల మైళ్ల అవతలి అమెరికా కంపెనీల స్విచ్‌లను కనిపెట్టి ఉండే కుర్రాళ్లకు ఈ గ్రాఫులే దినచర్య.

నలభై స్విచ్‌ల కథ

అమర్చడం ఎలా ఉంటుందో తెలియాలంటే జిల్లా కేంద్రంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీని ఊహించుకుంటే చాలు. నాలుగు బ్లాకులు, రెండు హాస్టళ్లు, 40 స్విచ్‌లు, బయటికి ఒక గిగాబిట్ లైను. ఆన్‌లైన్ పరీక్షల కేంద్రం కూడా అందులోనే. నెట్‌వర్క్ బాధ్యత ల్యాబ్ అసిస్టెంట్ ఒక్కడిది. అతను ప్రొమీథియస్ ఎంచుకున్నాడనుకుందాం. సాఫ్ట్‌వేర్‌కు కాసు ఖర్చు లేదు, పాత కంప్యూటర్ ఒకటి చాలు.

తొలి చిక్కు భాషదే. ప్రొమీథియస్‌కు ఎస్ఎన్ఎంపీ రాదు, స్విచ్‌లకు ప్రొమీథియస్ భాష రాదు. మధ్యలో 'ఎస్ఎన్ఎంపీ ఎక్స్‌పోర్టర్' అనే దుబాసీని పెట్టుకోవాలి. ప్రొమీథియస్ 'ఫలానా స్విచ్‌ను ఫలానా సంగతులు అడిగి చెప్పు' అంటుంది. దుబాసీ వెళ్లి అడిగి, జవాబులకు పేర్లు తగిలించి తెస్తుంది. ఏయే చిరునామాలను అడగాలన్న జాబితాను చేత్తో రాయనక్కర్లేదు. మిబ్ పట్టికలు అందిస్తే దాన్ని తయారుచేసే ఉపకరణం వేరే ఉంది.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. జాబితాలో రాసేది స్విచ్‌ల చిరునామాలు. కానీ ప్రశ్న వెళ్లాల్సింది దుబాసీ దగ్గరికి. ఈ అటుఇటు మార్పిడిని కాన్ఫిగరేషన్ ఫైల్లో కొన్ని వరుసల్లో చెప్పాలి. అవి లేకపోతే ప్రొమీథియస్ నేరుగా స్విచ్ తలుపు తట్టి, జవాబు రాక 'పనిచేయడం లేదు' అని రాసుకుంటుంది. అవి సగమే ఉంటే 40 స్విచ్‌ల అంకెలూ దుబాసీ ఒక్కడి పేరుమీదే జమవుతాయి. ఎవరి ఖాతా ఎవరిదో తెలియని చిట్టా అది.

రెండో చిక్కు ఆశ. పరికరం వేల సంగతులు చెప్పగలదు కదా అని అన్నీ అడగాలనిపిస్తుంది. చవకరకం స్విచ్‌లో ప్రాసెసర్ చిన్నది. జవాబులు చెప్పడం దానికి ఉపవృత్తే తప్ప అసలు పని కాదు. ప్రతి నిమిషం మొత్తం పట్టికను చదివి వినిపించమంటే ఆయాసపడుతుంది. ప్రొమీథియస్ మామూలుగా ఒక్కో జవాబు కోసం 10 సెకన్లు చూస్తుంది. అప్పటికీ రాకపోతే వదిలేస్తుంది. గ్రాఫులో అక్కడక్కడా చిరుగులు పడ్డాయంటే తరచూ కారణం ఇదే. గడువును పెంచడం ఒక మార్గం. అక్కర్లేనివి అడగడం మానేయడం అంతకన్నా మంచి మార్గం. ట్రాఫిక్, లోపాలు, పారేసిన ప్యాకెట్లు, పోర్టు స్థితి, పోర్టు పేరు, ప్రాసెసర్ భారం. కాలేజీ అవసరాలకు ఈ అరడజను చాలు.

మూడోది పేర్ల సంగతి. పరికరం తన పోర్టులకు లోపల ఒక వరుస సంఖ్య ఇచ్చుకుంటుంది. కొన్ని పరికరాల్లో ఆపి మళ్లీ వేసినప్పుడు, లేదా కొత్త కార్డు చేర్చినప్పుడు ఆ సంఖ్య మారిపోతుంది. నిన్నటిదాకా 'పోర్టు 24' గ్రాఫులో కనిపించిన హాస్టల్ ట్రాఫిక్ ఇవాళ ఆఫీసు గదిదిగా కనిపిస్తుంది. అందుకే అంకెల్ని కాకుండా స్విచ్‌లో పోర్టుకు రాసుకునే వివరణను ఆధారంగా పెట్టుకోవాలి. 'పరీక్షల హాలు, పై అంతస్తు' అని అక్కడ రాసి ఉంటే అర్ధరాత్రి అలారం మోగినప్పుడు నిద్రమత్తులో ఉన్నవాడికైనా ఎక్కడికి పరుగెత్తాలో తెలుస్తుంది.

నిండిన లైను, 8 శాతం లెక్క

అన్నిటికన్నా మోసకారి పొరపాటు మరొకటుంది. అది తప్పుగా కనిపించదు. గ్రాఫు నున్నగా వస్తుంది, అంకెలు నమ్మశక్యంగానే ఉంటాయి.

పాతరకం లెక్కల్లో బైట్ల ఖాతాకు 32 బిట్ల చోటే ఉంది. అంటే 429 కోట్ల పైచిలుకు దాకా లెక్కపెట్టి, పాత స్కూటర్ మీటరు తిరిగినట్టు మళ్లీ సున్నా నుంచి మొదలెడుతుంది. 10 మెగాబిట్ల లైను పూర్తిగా నిండి పారినా ఈ మీటరు ఒక చుట్టు తిరగడానికి 57 నిమిషాలు పడుతుంది. 1988లో అది ఎవరికీ ఇబ్బంది కాలేదు. 100 మెగాబిట్లయితే 5.7 నిమిషాలు. గిగాబిట్ లైనయితే కేవలం 34 సెకన్లు.

5 నిమిషాలకోసారి అడిగే అలవాటు ఎంఆర్‌టీజీ కాలం నుంచీ వస్తున్నదే. గిగాబిట్ లైను అంచుల దాకా నిండితే ఆ 5 నిమిషాల్లో మీటరు 8 చుట్లు పూర్తిగా తిరిగి తొమ్మిదో చుట్టులో ఉంటుంది. అడిగేవాడికి ఆ 8 చుట్లూ కనిపించవు. మొదటి అంకెకూ చివరి అంకెకూ ఉన్న తేడా మాత్రమే కనిపిస్తుంది. దాన్నిబట్టి లెక్కగడితే లైనులో పారుతున్నది సెకనుకు 84 మెగాబిట్లే. ఊపిరాడక కొట్టుమిట్టాడుతున్న లైను తెరమీద 8 శాతం వాడకంతో హాయిగా ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా ఈ పద్ధతిలో ఎంత వేగమున్న లైనయినా గ్రాఫు 115 మెగాబిట్లను ఎన్నటికీ దాటదు. నెట్ నెమ్మదిగా ఉందని విద్యార్థులు గోలపెడతారు. లైను ఖాళీగానే ఉంది, మీ ల్యాప్‌టాప్‌లు చూసుకోండని ఆఫీసు గ్రాఫు చూపిస్తుంది. ఇద్దరూ తాము చూసిన నిజమే చెబుతున్నారు.

పరిష్కారం తేలికే. 64 బిట్ల ఖాతా ఉన్న చిరునామాను అడగాలి. పైన చెప్పిన పొడవాటి అంకె దానిదే. సెకనుకు లక్ష కోట్ల బిట్లు పారినా ఆ మీటరు ఒక చుట్టు తిరగడానికి ఐదేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. అయితే ప్రొటోకాల్ తొలి వెర్షన్‌కు అంత పెద్ద అంకెను మోసే శక్తి లేదు. రెండో వెర్షనో మూడో వెర్షనో వాడాలి. ఒక వరుసలో ఒక అంకె మారిస్తే తీరే సమస్య, మార్చకపోతే ఏళ్లతరబడి కొత్త లైను కొనాలా వద్దా అన్న నిర్ణయాలను తప్పుదోవ పట్టిస్తుంది.

64 బిట్ల ఖాతా పెట్టుకున్నా 5 నిమిషాల సగటులో దాగే నిజాలు మరికొన్ని ఉంటాయి. పది సెకన్లపాటు లైను పూర్తిగా నిండి, మిగతా వేళంతా ఖాళీగా ఉంటే సగటు 3 శాతమే. కానీ ఆ పది సెకన్లే ఆన్‌లైన్ పరీక్షలో జవాబు పత్రాలు సమర్పించే క్షణాలు కావచ్చు. సగటు పట్టుకోలేనిదాన్ని 'పారేసిన ప్యాకెట్ల' ఖాతా పట్టిస్తుంది. అది పెరుగుతున్నదంటే లైను ఎప్పుడో ఒకప్పుడు పొర్లిందన్నమాటే.

మౌనం ఆరోగ్యం కాదు

అంకెలు చేరాక మిగిలేది అలారం. 'నాన్నా పులి' కథ తెలియని తెలుగువారుండరు. పర్యవేక్షణ విభాగాలు రోజూ ఆడేది ఆ నాటకమే. 40 స్విచ్‌లంటే రెండు వేలకు దగ్గరగా పోర్టులు. సాయంత్రం ల్యాబుల్లో కంప్యూటర్లు ఆపేయగానే వందల పోర్టులు మూతపడతాయి. ప్రతిదానికీ ఎస్ఎంఎస్ వచ్చేలా పెడితే మూడో రోజుకల్లా ల్యాబ్ అసిస్టెంట్ ఆ సందేశాలను చూడటం మానేస్తాడు. నాలుగో రోజున వచ్చేది నిజం పులి.

అందుకే ఎవరో ఒకరు లేచి వెళ్లి ఏదో ఒకటి చేయాల్సిన సందర్భానికే అలారం ఉండాలి. బ్లాకుల మధ్య ప్రధాన లింకులు, బయటి లైను, పరీక్షల హాలు స్విచ్. అదీ క్షణం పాటు తగ్గి పెరిగినందుకు కాదు, ఐదు నిమిషాలపాటు అదే స్థితిలో ఉంటేనే. మిగతావన్నీ గ్రాఫుల్లో ఉంటే చాలు.

దీనికి పూర్తి విరుద్ధమైన ప్రమాదం మరొకటి. వాడకం 90 శాతం దాటితే మోగమని పెట్టారనుకుందాం. స్విచ్ కరెంటు పోయి ఆగిపోయింది. అంకెలు రావడం ఆగిపోయాయి. రాని అంకె 90 శాతం దాటదు కదా, అలారం మోగదు. పరికరం చచ్చిపోయినప్పుడే తెర అన్నిటికన్నా ప్రశాంతంగా ఉంటుంది. 'జవాబు రాలేదు' అన్నదాన్ని విడిగా ఒక అలారంగా పెట్టుకోకపోతే మౌనాన్నే ఆరోగ్యమనుకునే ప్రమాదముంది.

కరెంటు విషయంలో మన ఊళ్ల అనుభవం వేరే చెప్పనక్కర్లేదు. యూపీఎస్‌లను ప్రశ్నించే పట్టిక 1994 నుంచే ఉంది. బ్యాటరీ మీద ఇంకెన్ని నిమిషాలు నడవగలదో కూడా అందులో ఉంటుంది. నెట్‌వర్క్ కార్డు ఉన్న యూపీఎస్ అయితే చాలు, ల్యాబ్ చీకటవ్వడానికి పదిహేను నిమిషాల ముందే జనరేటర్ వేయమని కబురు వస్తుంది. ఇళ్లకు, పంచాయతీలకు ఫైబర్ చేర్చే జీపాన్ పద్ధతిలో ఇంకో ముచ్చట ఉంది. కరెంటు పోయినప్పుడు చివర ఉన్న పెట్టె ఆరిపోయే ముందు, మిగిలిన రవ్వంత శక్తితో కేంద్రానికి ఒక సంకేతం పంపుతుంది. ఇంజనీర్లు దాన్ని 'డయింగ్ గాస్ప్', అంటే తుదిశ్వాస అంటారు. ఆ శ్వాస వినిపించి ఆగితే పోయింది కరెంటు, వినిపించకుండానే ఆగితే తెగింది తీగ కావచ్చు. 2011లో మొదలై తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకంలో రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలను ఫైబర్‌తో కలపాలన్నది లక్ష్యం. అంత పెద్ద నెట్‌వర్కులో పంపాల్సింది ఎలక్ట్రీషియన్‌నా, ఫైబర్ అతికే మనిషినా అన్న తేడా ఒక ఊరికి ఒక రోజు సేవతో సమానం.

'పబ్లిక్' అనే తాళం

పెట్టెను ప్రశ్నలడగడానికి మనకు వీలుంటే ఇతరులకూ వీలుంటుంది. ఎస్ఎన్ఎంపీ తొలి రెండు వెర్షన్లలో సంకేతపదం మామూలు అక్షరాల్లోనే తీగ మీద ప్రయాణిస్తుంది. మధ్యలో చూడగలిగిన ఎవరైనా చదువుకోవచ్చు. పైగా చాలా పరికరాలకు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే చదవడానికి 'పబ్లిక్', మార్పులు చేయడానికి 'ప్రైవేట్' అనే పదాలు పెట్టి పంపేవారు. వాటిని మార్చకుండా వదిలేయడమంటే ఇంటికి తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే వేలాడదీయడం.

దీని పర్యవసానాలు కొత్తవి కావు. ఫిన్లాండ్‌లోని ఊలూ యూనివర్సిటీ పరిశోధకుల పరీక్షల్లో అనేక కంపెనీల పరికరాల ఎస్ఎన్ఎంపీలో లోపాలు బయటపడటంతో 2002 ఫిబ్రవరిలో అమెరికా సెర్ట్ హెచ్చరిక జారీచేసింది. 2017లోనే సిస్కో ప్రకటించిన ఒక ఎస్ఎన్ఎంపీ లోపాన్ని, మరమ్మతు చేసుకోని రూటర్లలో 2021లో రష్యా సైనిక గూఢచార విభాగానికి చెందిన హ్యాకర్లు వాడుకున్నారని బ్రిటన్, అమెరికా 2023 ఏప్రిల్‌లో వెల్లడించాయి. బాధితుల్లో ఎక్కువమంది ఉక్రెయిన్‌వారు. 2025 సెప్టెంబర్‌లో సిస్కో మరో లోపాన్ని ప్రకటించింది. అప్పటికే దాన్ని కొందరు వాడుకుంటున్నారు. చదవడానికి మాత్రమే ఇచ్చిన సంకేతపదం చేతికి చిక్కినా చాలు, దాంతో పరికరాన్ని కుప్పకూల్చవచ్చు. 'చదివే హక్కే కదా, పోయేదేముంది' అన్న ధీమాకు అదొక చెంపపెట్టు.

2002 డిసెంబర్‌లో ప్రామాణిక రూపం పొందిన మూడో వెర్షన్‌లో అడిగేవారు ఎవరో నిర్ధారించుకోవడం, ప్రశ్నజవాబులను గుప్తలిపిలో పంపడం రెండూ ఉన్నాయి. రెండు దశాబ్దాలు దాటినా చాలాచోట్ల రెండో వెర్షన్‌తోనే నెట్టుకొస్తున్నారంటే కారణం బద్ధకమే కాదు. ప్రతి పరికరంలో వాడుకరి పేరు, రెండు రహస్య పదాలు, వాటి పద్ధతులు అమర్చాలి. రెండోదాంట్లో ఒక్క పదం చాలు. ల్యాబ్ అసిస్టెంట్‌కు అది ఒక పూట పని అదనం. కనీసం ఆ ఒక్క పర్యవేక్షణ కంప్యూటర్ తప్ప ఇంకెవరడిగినా జవాబివ్వొద్దని స్విచ్‌కు చెప్పడం రెండు వరుసల పనే.

ఇది ఇష్టాయిష్టాల వ్యవహారంగా కూడా మిగల్లేదు. సైబర్ దాడులు, చొరబాట్లు జరిగితే 6 గంటల్లోగా తెలపాలని, సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు దాచాలని, గడియారాలన్నీ ప్రభుత్వ కాలసూచికతో సరిపోవాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. ఏ స్విచ్ ఎప్పుడు ఆగిందో, ఏ లైనులో ఏ రాత్రి ట్రాఫిక్ అమాంతం పెరిగిందో చెప్పలేని సంస్థ 6 గంటల్లో చెప్పగలిగేదేముంటుంది?

మునిగే పడవలోనే కాపలాదారు

అన్నీ సవ్యంగా అమర్చాక కూడా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. కాపలాదారు కూర్చున్నది ఎక్కడ? 2021 అక్టోబర్ 4న నిర్వహణ పనుల్లో ఇచ్చిన ఒక ఆదేశం ఫేస్‌బుక్ డేటా కేంద్రాలన్నిటినీ ఒకదానితో ఒకటి విడదీసింది. సంస్థ ఇంజనీర్లు సమస్యను చూడటానికి వాడే సొంత ఉపకరణాలు కూడా అదే నెట్‌వర్కు మీద ఆధారపడటంతో అవీ ఆగిపోయాయి. మనుషులను నేరుగా డేటా కేంద్రాలకు పంపాల్సి వచ్చింది. సేవలు కోలుకోవడానికి దాదాపు 6 గంటలు పట్టింది.

మరుసటి ఏడాది జూలై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ కుప్పకూలినప్పుడు 1.2 కోట్లమందికి పైగా చందాదారులకు ఫోన్లు, ఇంటర్నెట్ లేకుండా పోయాయి. డెబిట్ చెల్లింపులు ఆగాయి, అత్యవసర సేవల 911 నంబరుకు కాల్స్ అందని పరిస్థితి వచ్చింది. మార్పులు చేస్తుండగా ఒక వడపోత నిబంధన తొలగిపోయి, దారుల సమాచారం వెల్లువెత్తి ప్రధాన రూటర్లను ముంచేసింది. పరికరాలను నిర్వహించే నెట్‌వర్కు కూడా ఆ ప్రధాన నెట్‌వర్కు మీదే నడుస్తుండటంతో ఇంజనీర్లకు రూటర్ల లాగ్‌లు అందడానికే దాదాపు 14 గంటలు పట్టిందని అక్కడి నియంత్రణ సంస్థ కోసం జరిపిన సమీక్ష 2024లో తేల్చింది. సిబ్బంది చేతుల్లోని ఫోన్లు కూడా అదే కంపెనీవి.

ఆ రెండు సంస్థలకు డబ్బుకూ నైపుణ్యానికీ కొదవలేదు. వాటికి తగిలిన దెబ్బలో మన కాలేజీకి పనికొచ్చే పాఠముంది. బయటి లైను తెగిందని చెప్పే సందేశం ఆ తెగిన లైను మీదుగానే పోవాలంటే అది ఎన్నటికీ చేరదు. పర్యవేక్షణ కంప్యూటర్‌కు వేరే కంపెనీ సిమ్‌తో ఒక చిన్న మోడెం తగిలించడం, దాన్ని విడి యూపీఎస్ మీద ఉంచడం, ఆ కంప్యూటర్ బతికే ఉందా అని బయటి నుంచి మరొకరు చూసేలా పెట్టడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

అడగకుండానే పరికరాలు సెకను సెకనుకూ తమ సంగతులు తామే చెప్పుకునే 'స్ట్రీమింగ్ టెలిమెట్రీ' పెద్ద డేటా కేంద్రాల్లోకి ఇప్పటికే వచ్చేసింది. మెట్ల కింద బీరువాల్లోకి అది వచ్చేదాకా పాత ప్రశ్నోత్తరాలే గతి. వచ్చాక కూడా ఏం వినాలో, ఎవరిని నిద్ర లేపాలో తేల్చాల్సింది మనిషే.

అమరిక సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి మాత్రం ఏ నిపుణుడూ అక్కర్లేదు. పరీక్షలు లేని ఒక ఉదయం, ఎవరికీ చెప్పకుండా ప్రధాన లింకు తీగను ఊడబెరికి గడియారం చూసుకుంటే చాలు. ముందు అలారం మోగుతుందా, లేక 'నెట్ రావడం లేదండీ' అన్న ఫోన్ వస్తుందా అన్నదే ఫలితం.